గెలుపు లెక్కతో ఆగిపోకూడని ఎన్నికల ఆట

అమెరికా అధ్యక్ష ఎన్నికను పాఠంగా చెబితే విద్యార్థులకు చివరికి గుర్తుండేవి 538, 270 అనే రెండు అంకెలే: అధ్యక్షుణ్ణి తేల్చడానికి రాష్ట్రాల వారీగా పంచిన ఎలక్టోరల్ ఓట్లు మొత్తం 538, గెలవడానికి కావలసినవి 270. అదే ఆటగా ఆడిస్తే, చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో, కొద్ది వారాల గడువులో ఏ రాష్ట్రాన్ని వదులుకోవాలో వాళ్లే తేల్చుకోవలసి వస్తుంది. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి సాండ్రా డే ఓ'కానర్ 2009లో స్థాపించిన ఐసివిక్స్ సంస్థ తయారు చేసిన 'విన్ ది వైట్ హౌస్' ఆటలో విద్యార్థే అభ్యర్థి. విరాళాలు, ప్రకటనలు, సర్వేలు, సభలు అన్నీ తానే చూసుకోవాలి.

రిపబ్లికన్‌గా ఆడుతున్న విద్యార్థి 54 ఎలక్టోరల్ ఓట్లున్న కాలిఫోర్నియాపై ఆశపడి వరుసగా సభలు పెట్టాడనుకుందాం. డెమోక్రాట్లకు గట్టి పట్టున్న ఆ రాష్ట్రం రంగు మారకపోగా, 19 ఓట్ల పెన్సిల్వేనియా ఈలోగా చేజారవచ్చు. 2016లో నామినేషన్ దక్కాక డెమోక్రాట్ అభ్యర్థి హిల్లరీ క్లింటన్ ఒక్కసారి కూడా విస్కాన్సిన్‌కు వెళ్లలేదనీ, 23 వేలకు లోపు ఓట్ల తేడాతో అక్కడ ఓడిపోయారనీ చెప్పినప్పుడు, ఒక చోటికి వెళ్లడమంటే మరో చోటికి వెళ్లలేకపోవడమేనని ఆట ఆడినవాడికి వెంటనే అర్థమవుతుంది. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న మన తెలుగు పిల్లలకైతే, అభ్యర్థులు తమ ఊరి వైపు అంతగా ఎందుకు తొంగిచూడరో కూడా తెలిసివస్తుంది.

అయితే నన్ను కలవరపెడుతున్నది వేరే ఉంది. రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారికే అన్ని ఎలక్టోరల్ ఓట్లూ దక్కుతాయనే నియమాన్ని ఆట ప్రకృతి ధర్మంలా చూపిస్తుంది. అది రాజ్యాంగం విధించినది కాదు, రాష్ట్రాలు చేసుకున్న చట్టం. మెయిన్, నెబ్రాస్కా రాష్ట్రాలు రెండేసి ఓట్లను రాష్ట్ర విజేతకిచ్చి, మిగిలినవి కాంగ్రెస్ నియోజకవర్గాల వారీగా పంచుతున్నాయి. 2024లో కాలిఫోర్నియాలో ట్రంప్‌కు 60 లక్షలకు పైగా ఓట్లు పడినా ఒక్క ఎలక్టోరల్ ఓటూ రాలేదు.

కాబట్టి ఉపాధ్యాయులు ఇదే ఆటను మ్యాపు మీద, కాగితాలతోనైనా సరే, రెండోసారి ఆడించాలి. ఈసారి ప్రతి రాష్ట్రంలోనూ ప్రజల ఓట్ల నిష్పత్తిలో ఎలక్టోరల్ ఓట్లు పంచాలి. అప్పుడు కాలిఫోర్నియాలో రిపబ్లికన్‌కు దాదాపు 20 ఓట్లు వస్తాయి కనుక అక్కడ సభ పెట్టడం వృథా కాదు. 40 ఓట్ల టెక్సాస్‌లో డెమోక్రాట్ సభ పెట్టినా అలాగే వృథా కాదు. ఎవరు ఏ పార్టీ తరఫున ఆడాలో చీటీలు వేసి తేల్చడం మంచిది, లేకపోతే ఇంట్లో విన్న రాజకీయమే తరగతిలోకి వస్తుంది. ఆట ముగిశాక రెండు పర్యటన పట్టికలనూ పక్కపక్కన పెట్టి, మొదటిసారి వదిలేసిన ఏ రాష్ట్రానికి రెండోసారి వెళ్లారో, ఎందుకు వెళ్లారో విద్యార్థులతో రాయించి, మార్కులు ఆ జవాబుకే వేయాలి.