చెంబు మీద ఛార్జిషీటు

ఎవరూ పైకి అనడం లేదు కానీ, మన దేశంలో డిజైన్ రంగానికి తలవంపులు తెచ్చిన వస్తువు ఏదైనా ఉందంటే అది చెంబు. మా ఇంట్లో ఒకటుంది. ఇత్తడిది, మా తాతమ్మ నాటిది. కొత్త ఫ్లాట్లో దిగాక దాన్ని మాడ్యులర్ కిచెన్ గట్టు మీద పెట్టి, బాధ్యత గల వినియోగదారుడిగా అటూ ఇటూ తిప్పి చూశాను. చూసినకొద్దీ దిగులేసింది.

దాంతోపాటు మాన్యువల్ రాలేదు. ఆన్ చేసే బటన్ లేదు. యాప్ దించుకోమనదు, ఓటీపీ అడగదు, వాడాక ఎన్ని స్టార్లిస్తారని వెంటపడదు. నీళ్లు పోస్తే నిలుస్తాయి, వంచితే వస్తాయి, అంతే. పక్కింటి రెండేళ్ల పిల్లాడి ముందు పెడితే, ఎవరూ చెప్పకుండానే మెడ దగ్గర రెండు చేతులతో పట్టుకుని నెత్తిన గుమ్మరించుకున్నాడు. నేర్చుకోవాల్సిన కష్టమే లేకుండా పసివాణ్ణి అలా పాడుచేస్తోందన్నమాట. పైగా కింద పడితే పగిలి చావదు. సొట్ట పడుతుంది. ఆ సొట్టతోనే ఇంకో ముప్పై ఏళ్లు పనిచేస్తుంది. ఇలాంటివి ఇంటికి రెండుంటే కంపెనీలు ఏం తిని బతకాలి?

అన్నిటికన్నా ఘోరం, పేరు. మన ఇళ్లలో పాత్రల మీద పేర్లు కొట్టించే అలవాటుంది కదా. ఈ చెంబు అంచు కింద చుక్కలు చుక్కలుగా మా తాతమ్మ పేరుంది. చేసిన కంచరి పేరు ఎక్కడా లేదు. తణుకు దగ్గర అజ్జరంలో చేశారో, శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేశారో కూడా తెలీదు. వస్తువు మీద చేసినవాడి పేరు లేకపోవడమేమిటి, వాడేవాళ్ల పేరు ఉండటమేమిటి? ఇంతకన్నా అరాచకం ఉంటుందా?

ఈ చెంబుని నెత్తికెక్కించింది మనవాళ్లు కూడా కాదు. చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అని అమెరికా దంపతులు, కుర్చీల డిజైన్‌లో పేరుమోసినవాళ్లు. మన ప్రభుత్వం వాళ్లని పిలిచి, మా దేశంలో డిజైన్ బాగుపడాలంటే ఏం చేయాలో చెప్పమంది. వాళ్లు ఊళ్లూ వాడలూ తిరిగి 1958 ఏప్రిల్‌లో ఒక నివేదిక ఇచ్చారు. నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేసి అప్పటికి మూడేళ్లు కూడా కాలేదు, దేశమంతా సిమెంటు, ఉక్కు అని కలవరిస్తున్న రోజులు. అలాంటప్పుడు పిలిచి భోజనం పెట్టి సలహా అడిగితే, మేం ఇక్కడ చూసిన వస్తువులన్నిట్లోకీ గొప్పదీ అందమైనదీ బహుశా చెంబేనని రాసిచ్చి వెళ్లారు. ఆ నివేదిక పుణ్యమా అని 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ పుట్టింది. అంటే మన డిజైన్ చదువులకి బొడ్డు కోసింది చెంబు పక్కనే.

ఊరికే పొగిడి వదిలేసినా బాగుండేది. చెంబు చేయాలంటే ముందు ఏమేం అడగాలో జాబితా రాశారు. ఒకసారికి ఎన్ని నీళ్లు తేవాలి, పోయాలి? పట్టుకునేది ఆడవాళ్లా మగవాళ్లా, ఆ చేతులెంత, వాటి బలమెంత? నెత్తిన పెట్టుకుని మోస్తారా, చంకనా, చేత్తోనా? ఖాళీగా ఉంటే బరువు ఎటు మొగ్గుతుంది, నిండితే ఎటు? ఇంకో గిన్నెకి తగిలితే ఎలా మోగుతుంది? ఒకరికి ఇస్తుంటే ఇచ్చేవాళ్లకి ఎలా ఉంటుంది? మన పల్లెటూరి ఆడవాళ్లు చింతపండు, బూడిద పెట్టి తోమి రోజూ ఇత్తడిని బంగారం చేస్తారని కూడా మెచ్చుకున్నారు. తోమే పని వాళ్లకి పడలేదు కాబట్టి.

ఒక్క చెంబుకి ఇన్ని ప్రశ్నలా! మా హాల్లో స్విచ్చిబోర్డు చూడండి, ఒక్కటంటే ఒక్క ప్రశ్న అడక్కుండా పూర్తి చేశారు. దాన్నంటారు చురుకు.

వరసకి ఏడు చొప్పున పద్నాలుగు స్విచ్చులు. అన్నీ తెల్లగా, నున్నగా, మధ్యలో సందు లేకుండా, పళ్ల డాక్టరు ప్రకటనలోలా ఉంటాయి. ఏది దేనికో గుర్తు ఉండదు, ఉంటే లుక్ పాడవుతుంది. మొదటిది షోకేసు లైటు. నాలుగోది బాల్కనీది. తొమ్మిదోది దేనికీ కాదు. ఎలక్ట్రీషియన్ని అడిగితే "అది ఫ్యూచర్‌కి సార్" అన్నాడు. రాత్రి రెండింటికి ఫ్యాన్ వేద్దామని మా అమ్మ గోడ తడుముతుంది. షోకేసు వెలుగుతుంది, సీలింగ్ చుట్టూ నీలం దీపాలు వెలుగుతాయి, బాల్కనీ వెలిగి పావురాలు లేస్తాయి. అప్పుడు పిలుపు.

"ఒరే, ఫ్యాన్ ఏదిరా?"

అసలు విషయం ఇదీ. వేరే గదిలో పడుకున్న కొడుకు అర్ధరాత్రి లేచి తల్లి దగ్గరికి వస్తున్నాడంటే ఆ పుణ్యం ఎవరిది? కుటుంబాలు విడిపోతున్న ఈ కాలంలో ఇంత దూరం ఆలోచించి స్విచ్చిబోర్డు చేసినవాళ్లకి పాదాభివందనం.

వంటింట్లోనూ అదే దూరదృష్టి. కొత్త ఇండక్షన్ స్టవ్వుకి బటన్లు లేవు, గాజు మీద వేలు ఆనించాలి. వేలు తడిగా ఉంటే ఒకసారి వింటుంది, ఒకసారి వినదు. వంట చేసేవాళ్ల వేళ్లు తడిగా ఉంటాయని డిజైనరుకి ఎలా తెలుస్తుంది చెప్పండి, ఆయన బయట నుంచి ఆర్డరు పెట్టుకుని తింటాడు. చెంబు పెట్టి చూశాను. కీచుమని అరిచి ఆగిపోయింది. అయస్కాంతం అంటుకునే పాత్రనే అది పాత్రగా గుర్తిస్తుంది, ఇత్తడిని గడప తొక్కనివ్వదు. తోయాలో లాగాలో తెలియని తలుపుల సంగతి ఇక ఎత్తను. వాటిని డొనాల్డ్ నార్మన్ అనే ప్రొఫెసర్ తిట్టిపోశాడు. ఫలితం, ఇప్పుడు వాటిని నార్మన్ తలుపులనే అంటున్నారు. తిట్టినవాడి పేరే తగిలించారు, తలుపులు మాత్రం అలాగే ఉన్నాయి.

జనంలోకి వెళ్లి చూడాలి, వాళ్ల కష్టం తెలుసుకోవాలి అని కొందరు డిజైనర్లు చాదస్తంగా మాట్లాడతారు. 1979లో అమెరికాలో ప్యాట్రీషియా మూర్ అనే 26 ఏళ్ల డిజైనర్ ఏకంగా ముసలమ్మ వేషం కట్టింది. చూపు మసకేసే కళ్లద్దాలు, చెవుల్లో అడ్డాలు, కీళ్లు వంగకుండా కట్లు. అలా మూడేళ్లపాటు వీలు చిక్కినప్పుడల్లా వందకు పైగా ఊళ్లు తిరిగింది. అంతకుముందు ఆఫీసులో, కీళ్లనొప్పులున్నవాళ్లు కూడా తీయగలిగేలా ఫ్రిజ్ తలుపు చేయలేమా అని అడిగితే, "అలాంటివాళ్ల కోసం మనం డిజైన్ చేయం" అన్నారని ఆవిడే చెప్పింది. ఎంత స్పష్టత! మా స్విచ్చిబోర్డు వాళ్లు ఆ బడిలోనే చదివి ఉంటారు.

మూడేళ్లు వేషం కట్టక్కర్లేకుండానే ముసలమ్మ అయిన మా అమ్మ, దిగిన నాలుగో రోజు ఒక పని చేసింది. స్నానాల గది అద్దానికి అంటించి ఉన్న పాత బొట్టుబిళ్ల ఒకటి గిల్లి తీసి ఫ్యాన్ స్విచ్చికి పెట్టింది. గీజరుకి రెండు. చీకట్లో వేలితో తడిమితే తగులుతాయి. సర్వే లేదు, పవర్‌పాయింట్ లేదు, ఖర్చు లేదు. ఆ రాత్రి నుంచి నన్ను పిలవడం మానేసింది. చెప్పానుగా, ఇలాంటివి కుటుంబాలని విడదీస్తాయి.

మొన్న మా ఇంటీరియర్ డిజైనర్ కుర్రాడు కెమెరాతో వచ్చాడు, తన పనితనం ఫొటోలు తీసుకోవడానికి. బోర్డు చూసి పాపం మొహం మాడిపోయింది.

"ఆంటీ, ఇవి తీసేస్తానండీ, మొత్తం లుక్ పోయింది."

"మరి ఫ్యాన్ నాకెలా తెలుస్తుంది బాబూ?"

"అలవాటైపోతుంది ఆంటీ. లేదంటే వాయిస్ కంట్రోల్ పెట్టిద్దాం, మీరు నోటితో చెబితే చాలు."

"నోటితోనే కదయ్యా, మా వాణ్ణి పిలిచేదాన్ని."

అయినా గోటితో గీకి తీసేశాడు. బొట్టుజిగురు మరక పోవడానికి స్ప్రే కొట్టి తుడిచాడు. చెంబుని కూడా ఫ్రేములో పడకుండా సింకు కింద పెట్టి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి రెండింటికి నీలం దీపాలు వెలిగాయి, పావురాలు లేచాయి, నన్ను పిలిచింది.

తెల్లారి చూస్తే చెంబు మళ్లీ గట్టు మీదే ఉంది, మిలమిలా తోమి. ఫ్యాన్ స్విచ్చికి కొత్త బొట్టు. ఈసారి పెళ్లిళ్లకి పెట్టుకునే సైజుది, రాళ్లది.