ఏడు భుజాల బొమ్మ: ఆ వీడియో చెప్పేది తప్పు

దిల్‌సుఖ్‌నగర్‌లో నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే టెన్త్ పిల్లల గ్రూపుల్లో వారం నుంచి ఒక వీడియో తిరుగుతోంది. "కంపాస్, స్కేలుతో క్రమ సప్తభుజి గీయలేమన్నారు. ఎవరికీ తట్టక అసాధ్యమన్నారు. ఇదిగో గీశాం. లీలావతిలో భాస్కరాచార్యుడు ఎప్పుడో చెప్పాడు" అని. వృత్తంలో సమబాహు త్రిభుజం గీసి, దాని భుజంలో సగాన్ని కంపాస్‌తో పట్టి, చుట్టూ ఏడు గుర్తులు పెడతారు.

"గీశాం కదా" అన్నదే ముందు చూద్దాం. ఒక్కో అడుగుకి 51.43 డిగ్రీలు తిరగాలి, ఇందులో 51.32 మాత్రమే తిరుగుతుంది. నోటుబుక్కులో 5 సెంటీమీటర్ల వ్యాసార్థంతో గీస్తే చివర్లో మిగిలేది 0.7 మిల్లీమీటరు లోపే, పెన్సిల్ గీతలో కలిసిపోతుంది. అందుకే ఆదివారం పిల్లల్ని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి తీసుకెళ్లి, సాగని తీగతో మీటరు వ్యాసార్థంతో సుద్ద వృత్తం గీయించాను. ఏడో అడుగు మొదటి గుర్తును అందుకోలేదు. వేలి మందం ఖాళీ! లెక్కకి అది 13.5 మిల్లీమీటర్లు.

ఇక భాస్కరాచార్యుడి గణిత గ్రంథం లీలావతి. వృత్త వ్యాసం 120000 అయితే త్రిభుజానికి భుజం 103923, సప్తభుజికి 52055 అని అందులో ఉంది. 103923లో సగం 51961.5. అంటే వీడియోలోని పద్ధతి ఆయనది కానే కాదు. అసలు విలువ సుమారు 52066, ఆయన దానికి చాలా దగ్గరగా వెళ్లాడు. ఆయన చెప్పని మాట ఆయన నోట పెడితే నాకు బాధేస్తుంది.

"ఎవరికీ తట్టక అసాధ్యమన్నారు" అనడం మరీ అన్యాయం. అది అసాధ్యమని 1837లో ఫ్రెంచ్ గణితవేత్త వాంట్జెల్ నిరూపించాడు. కంపాస్, కొలతలు వాడని స్కేలుతో కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం అనే నాలుగు ప్రక్రియలు, వర్గమూలం తప్ప ఇంకేమీ రావు. కొత్త వర్గమూలం చేర్చిన ప్రతిసారీ సంఖ్యల క్షేత్రం (ఆ నాలుగు ప్రక్రియలు చేసినా బయటికి పోని సంఖ్యల సమూహం) పరిమాణం రెట్టింపు అవుతుంది: 2, 4, 8. సప్తభుజి శీర్షాలేమో ఒకటికి ఏడో మూలాలు, అంటే ఏడో ఘాతం 1 అయ్యే సంకీర్ణ సంఖ్యలు. పూర్తి చుట్టులో ఏడో వంతు కోణపు కొసైన్‌కి రెట్టింపును, భాస్కరుడి బీజగణితంలో లాగే, 'యా' అందాం. అప్పుడు యా³ + యా² − 2యా − 1 = 0. దీనికి అకరణీయ మూలం ఉంటే అది 1 గానీ −1 గానీ కావాలి. వేసి చూడండి, రెండూ సున్నా ఇవ్వవు. కాబట్టి 'యా' కోసం క్షేత్రం మూడు రెట్లు కావాలి. రెట్టింపులు ఎన్ని చేసినా 3తో భాగం పోదు.

"5 భుజాల బొమ్మ వస్తే 7 ఎందుకు రాదు?" అని ఒక అమ్మాయి అడిగింది. ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేయమన్నాను. 5కి 4, రెండు రెట్టింపులు. 1796లో పద్దెనిమిదేళ్ల జర్మన్ గణితవేత్త గాస్ సాధించిన 17 భుజాల బొమ్మకి 16, నాలుగు రెట్టింపులు. 7కి 6, అందులో 3 ఉంది.