శుక్రవారం బస్సెక్కే పిల్లలు కాలేజీ మారితే సరిపోతుందా?

శుక్రవారం సాయంత్రం అయిదు దాటాక అనంతపురం ఆర్టీసీ బస్టాండులో ఉరవకొండ, రాయదుర్గం, కదిరి బస్సుల దగ్గర నిలబడి చూడండి. భుజాన బ్యాగు, చేతిలో విడిచిన బట్టల కవరుతో ఫస్టియర్ పిల్లలు కనబడతారు. ఈ ఏడు మా అక్క కూతురూ వాళ్లలో ఒకతి. చేరిన నాలుగు నెలలకే "పిన్నీ, నాకీ కాలేజీ వద్దు, తిరుపతికి మారిపోతా" అంది. ఎవరైనా ఏమన్నా అన్నారా అంటే లేదంది. మెస్‌లో ప్లేటు పట్టుకుని ఏ బల్ల దగ్గర కూర్చోవాలో తెలియక, రోజూ కాసేపు ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడుతుందట. ఆ మాట చెప్తుంటే దాని గొంతు పూడుకుపోయింది.

"కొన్నాళ్లు పోతే అదే అలవాటవుతుందిలే" అన్నారు ఇంట్లో. నేను ఒప్పుకోను. అలవాటు కావడానికి ఆ పిల్లకు మనం ఏం నేర్పాం? ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో పెట్టాం. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, మార్కులను బట్టి మారిపోయే సెక్షన్లు. పక్క బెంచీ అమ్మాయి పేరు తెలిసేలోపే సెక్షన్ మారేది. స్నేహాలు కుదిరే వయసులో స్నేహానికి టైమే ఇవ్వలేదు.

దీనికి తోడు మన జిల్లాది ఇంకో సంగతి ఉంది. 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2008లో జేఎన్‌టీయూ, 2018లో సెంట్రల్ యూనివర్సిటీ వచ్చాయి. చదువు ఇంటి దగ్గరికి వచ్చింది. దూరం పంపలేమన్న ఇళ్లలోని ఆడపిల్లలు ఇంజినీర్లయ్యారు. అది చాలా పెద్ద మేలు. కానీ ఊరు దగ్గర కాబట్టి వారం వారం ఇంటికి పరుగు. హాస్టల్లో మనుషులు దగ్గరయ్యేది ఆ శని, ఆదివారాల్లోనే. మేడ మీద బట్టలు ఆరేసుకుంటూ, రాత్రి కలిసి దోసెలకు వెళ్తూ కుదురుతాయి జట్లు. సోమవారం పొద్దున బస్సు దిగొచ్చిన పిల్లకు వాళ్లు దేనికి నవ్వుకుంటున్నారో అర్థం కాదు. డే స్కాలర్లకైతే సాయంత్రం కాలేజీ బస్సు కదిలితే ఆ రోజుకి కాలేజీ అయిపోయినట్టే.

ఇవేవీ సరిచేయకుండా కాలేజీ మారిస్తే, తిరుపతి మెస్‌లోనూ అదే ప్లేటు పట్టుకుని నిలబడాలి. పైగా అక్కడ రెండో ఏడాదికల్లా ఎవరి జట్టు వాళ్లకు ఏర్పడి ఉంటుంది.

మారడం తేలికా కాదు. ఇంజినీరింగ్‌లో మామూలుగా రెండో ఏడాది మొదట్లోనే వీలు. అక్కడ సీటు ఖాళీ ఉండాలి, రెండు కాలేజీలూ ఒప్పుకోవాలి, పైనుంచి అనుమతి రావాలి. వెళ్లేది సిలబస్, పరీక్షలు తనే పెట్టుకునే అటానమస్ కాలేజీ అయితే సబ్జెక్టుల తేడా వస్తుంది, మిగిలినవి విడిగా రాసుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ అక్కడా వస్తుందో లేదో ముందే తేల్చుకోకపోతే భారం తండ్రి నెత్తిన పడుతుంది.

ర్యాగింగ్, కులం పేరుతో చిన్నచూపు లాంటివి ఉంటే మాత్రం సర్దుకోమనడం తప్పు. మన రాష్ట్రంలో 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, 1800-180-5522కు ఫోన్ చేయొచ్చు. బ్రాంచే నచ్చకపోయినా మారడమే మేలు. ఏమీ జరగకుండానే రాత్రిళ్లు ఏడుస్తున్నా తేలిగ్గా తీసుకోకూడదు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్ 14416లో తెలుగులో మాట్లాడతారు.

కాలేజీల మీద నాకు కోపమే ఉంది. కొత్త పిల్లలు కాలేజీకి, ఒకరికొకరు అలవాటు పడేలా 3 వారాల ఇండక్షన్ పెట్టమని దేశంలో సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ చెప్పింది. చాలాచోట్ల అది అతిథుల ప్రసంగాలతో, శాలువాలతో గడిచిపోతుంది. మెంటర్ అని ఒక సార్ పేరు కాగితం మీద ఉంటుంది. ఆ సార్ అటెండెన్స్ గురించి అడుగుతాడే గానీ, "ఎవరితో కూర్చుని తింటున్నావమ్మా?" అని ఒక్కసారీ అడగడు.

నెలకు రెండు ఆదివారాలు పిల్లను రమ్మనొద్దని మా అక్కకు చెప్పాను. ఒప్పుకుంది గానీ, మొన్న మొదటి శనివారం ఫోన్ చేతిలో పట్టుకుని వాకిట్లోకి, ఇంట్లోకి తిరుగుతూనే ఉంది. తిరుపతి మాట రెండో సెమిస్టర్ అయ్యాకే ఎత్తుదామని ముగ్గురం అనుకున్నాం.