దుప్పటి పక్కన సముద్రం

ఫ్లాట్ల ప్రకటనల్లో ‘పార్షియల్ సీ వ్యూ’ అని మొదట రాసిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు మన బీచ్ రోడ్డులో ఒక విగ్రహం పెట్టి తీరాలి. ఉన్నవి చాలవా అంటారా? ఇంకొకటి సర్దుతారు లెండి.

విశాఖలో ఒక ఏరియా మంచిదా కాదా అని తేల్చడానికి ఇదివరకు నీళ్ళు రోజూ వస్తాయా, రైతుబజారు దగ్గరేనా, వానొస్తే రోడ్డు కాలవవుతుందా అని అడిగేవారు. ఇప్పుడవి అడిగితే మనల్ని పల్లెటూరి బైతుల్లా చూస్తున్నారు. సముద్రం కనపడుతుందా, లేదా? పరీక్షలో ఉన్నది ఆ ఒక్క ప్రశ్నే.

మా తోడల్లుడు హైదరాబాదులో రిటైరయ్యాడు. శేషజీవితం అలలు చూస్తూ గడపాలని లాసన్స్ బే కాలనీలో ఫ్లాటు చూడ్డానికి దిగాడు, స్థానిక నిపుణుడి హోదాలో నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు. బ్రోకరు లిఫ్టులోనే మొదలెట్టాడు. “ఈస్ట్ ఫేసింగూ, సీ ఫేసింగూ ఒకటే సార్ మనకి. ముంబై వాళ్ళకి కూడా లేదు ఈ అదృష్టం.” ఆ మాట కాదనలేం. వాస్తునీ సముద్రాన్నీ ఒకే దిక్కున పెట్టిన దేవుడికి ఎంత కమీషన్ ముట్టిందో మరి.

బాల్కనీలోకెళ్తే ఎదురుగా పక్క అపార్ట్‌మెంటు గోడ.

“కొంచెం ఎడం పక్కకి జరగండి సార్. ఇంకొంచెం. భుజం గ్రిల్లుకి ఆనించండి. ఇప్పుడు మెడ చాపండి. ఆ నల్ల ట్యాంకుకీ, దుప్పటికీ మధ్యన... కనిపించిందా?”

“అది ఆకాశం కాదూ?”

“పైన లేతగా ఉన్నది ఆకాశం సార్. కింద ముదురుగా ఉన్నది సీ.”

ఓడేదైనా వెళ్తే రూఢి చేసుకుందామన్నాడు మావాడు. హార్బరులో చోటు కోసం బయట లంగరేసుకున్న ఓడలు అంత తేలిగ్గా కదలవు కదా, కాబట్టి మేమూ కదల్లేదు. ఈలోగా గాలికి దుప్పటి లేచింది. సముద్రం రెట్టింపైంది. “చూశారా!” అన్నాడు బ్రోకరు, తానే ఎగరేసినట్టు. మావాడు ఉబ్బిపోయి ఫోను తీసి ఫొటో పట్టబోతుండగా ఎదురింటావిడ బకెట్టుతో వచ్చి రెండో దుప్పటి కూడా ఆరేసింది. బంగాళాఖాతం మాయం. మావాడు అక్కడికక్కడే రేటు తగ్గించమని బేరం పెట్టాడు. “పొద్దున్నపూటేనండీ ఆరేస్తారు, సాయంత్రం క్లియర్ వ్యూ” అని బ్రోకరు హామీ. పండగ ముందు ఉతుకుళ్ళ సంగతేంటి? చుట్టాలొచ్చి వెళ్ళిన వారం సంగతేంటి? నన్నడిగితే రిజిస్ట్రేషన్‌కి ముందు, ఆస్తి మీద అప్పులూ తాకట్లూ ఉన్నాయో లేవో చెప్పే ఈసీ కాగితంతో పాటు ఆవిడ ఉతుకుల టైంటేబులు కూడా తీయించుకోవాలి. చదరపు అడుగుకి అదనంగా కట్టేది ఆ జానెడు సందు కోసమే కదా. ఐటీ కంపెనీ టీసీఎస్‌కి ప్రభుత్వం 21.16 ఎకరాలు 99 పైసలకు కేటాయించిన ఊళ్ళోనే ఈ బేరం కూడా జరుగుతోందని గమనించ ప్రార్థన. భీమిలి వెళ్ళే 900కే బస్సులో కుడివైపు కిటికీ సీటు దొరికితే సముద్రమంతా టికెట్టు డబ్బులకే వస్తుంది. దానికి మెయింటెనెన్సు కూడా అడగరు.

గ్రిల్లు వదిలేసరికి మావాడి తెల్లచొక్కా భుజం మీద తుప్పు మరక. పెయింటు పొక్కులు లేచి, గోరు తగిలితే పెచ్చులుగా రాలుతోంది. “ఉప్పుగాలి బాబూ, ఏటి చేస్తాం. తాళాలకి కొబ్బరినూనె పోస్తన్నాను. ఏసీ డబ్బాలైతే ఆగవు” అన్నాడు వాచ్‌మన్. అక్కడున్న అందరిలో నిజం చెప్పినవాడు ఆయనొక్కడే. బ్రోకరు వెంటనే ఆయన్ని టీకి పంపేశాడు. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఆదివారం గురించి నేను ఎత్తబోయాను. ఆ రోజు బీచ్ వైపు కిటికీల అద్దాలు పగిలి సీ వ్యూ నేరుగా హాల్లోకొచ్చింది, అదీ ఫ్రీగా. నన్ను టీకి పంపలేక టాపిక్ మార్చారు.

“పొల్యూషన్ ఉండదు కదా?” అన్నాడు తోడల్లుడు.

“అదంతా ఆ వైపు సార్” అని బ్రోకరు దోమను తోలినట్టు చెయ్యి ఊపాడు.

ఆ వైపంటే జ్ఞానాపురం. పోర్టు బొగ్గు ధూళి ఆరేసిన బట్టల మీదా, అన్నం గిన్నెల మీదా పడే వైపు. ఆ వైపంటే ఆర్.ఆర్. వెంకటాపురం. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ విషవాయువు లీకైతే నిద్రలోంచి లేచి పరిగెత్తినవాళ్ళు రోడ్ల మీదే కుప్పకూలిన చోటు. 12 మంది పోయారు. ఊరికి తిండి పెట్టే పొగ ఇంకొకడి ఊపిరితిత్తుల్లోకి పోతుంటే, మనం ముక్కు బిగించుకోనక్కర్లేని చోటు మంచి ఏరియా!

అంతలో గాలి మళ్ళింది. పెద జాలరిపేట వైపు నుంచి ఎండుచేపల వాసన. మావాడు జేబురుమాలు తీశాడు. బ్రోకరు గొంతు తగ్గించి, “అదెన్నాళ్ళో ఉండదు సార్. డెవలప్‌మెంట్ వస్తే వాళ్ళని తీసేస్తారు” అన్నాడు.

ఏం తీసేస్తారయ్యా? ఊరినా? మీ టవర్లకి పునాది గొయ్యి తవ్వకముందు నుంచీ ఆ ఇసక మీద వలలు ఆరేసుకుంటున్న మనుషులు వాళ్ళు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధమైతే పొయ్యి ఎలా వెలిగించాలా అని చూసుకునేవాళ్ళు. తుఫానొస్తే మీ గ్రిల్లు కంటే ముందు వాళ్ళ పడవ పోతుంది. వాళ్ళు సముద్రాన్ని చూడరు, అందులోకి వెళ్ళి ప్రాణాలతో తిరిగి రావాలి. చిల్లిగవ్వ ప్రీమియం కట్టకుండా గుమ్మం ముందే సముద్రం ఉంది కాబట్టి వాళ్ళు మీ వ్యూకి అడ్డం. అరిచాను. ఫ్లాటులో సామాన్లు లేవు కాబట్టి గట్టిగానే మోగింది.

తోడల్లుడు నన్ను సముదాయించి, కింద బ్రోకరుకి అడ్వాన్సిచ్చేశాడు. కారెక్కాక, ఆదివారం పూట తాజా వంజరం ఇక్కడ ఎక్కడ దొరుకుతుందని వాకబు చేశాడు. పడవ దిగిందే కావాలట. ముక్కలు కొట్టి, ఫ్లాటు దాకా తెచ్చిచ్చేవాళ్ళయితే మరీ మంచిదట.