నోవహు ఓడ, స్పాక్ నవ్వు

1966లో అమెరికన్ టీవీలో స్టార్ ట్రెక్ అనే సైన్స్ ఫిక్షన్ సిరీస్ మొదలైన కొద్ది రోజులకే నిర్మాతలకు టెన్షన్ పట్టుకుంది. స్పెషల్ ఎఫెక్ట్స్ ఆలస్యమై, ఎపిసోడ్లు ప్రసారానికి అందేలా లేవు. అంతకుముందు ఛానల్ వద్దన్న మొదటి పైలట్, అంటే నమూనా ఎపిసోడ్, మాత్రం చేతిలో ఉంది. అందులో కెప్టెన్ వేరు, సిబ్బంది వేరు. పైలట్‌లోనూ సిరీస్‌లోనూ ఉన్న ముఖ్యపాత్ర స్పాక్ ఒక్కడే. సిరీస్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ ఆ పాత కథ చుట్టూ ఒక కోర్టు విచారణ అల్లి, పాత ఫుటేజీని ఆ విచారణలో సాక్ష్యంగా చూపించి, 'ది మెనాజరీ' పేరుతో రెండు భాగాలు తయారుచేశాడు. అతుకు బాగానే కుదిరింది కానీ, ఒకచోట బయటపడుతుంది. పాత ఫుటేజీలో, పరాయి గ్రహం మీద సంగీతంలా మోగే ఆకును పట్టుకుని స్పాక్ నోరారా నవ్వుతాడు. భావాలు పైకి కనపడనివ్వని మనిషి అన్న స్వభావం ఆ పాత్రకు అప్పటికింకా స్థిరపడలేదు.

ఆ నవ్వు సంగతి అభిమానులందరికీ తెలుసు. ఏ షాట్ ఎప్పటిదో, ఎందుకు అలా ఉందో గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. అది తెలిసినందుకు ఆ సిరీస్ మీద ప్రేమ తగ్గిన అభిమాని నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఇప్పుడు తెలుగు బైబిల్లో నోవహు ఓడ కథ, ఆదికాండం 6, 7 అధ్యాయాలు తీయండి. ఒకచోట ప్రతి జాతి నుంచి రెండేసి జంతువుల్ని ఓడలోకి ఎక్కించమని ఆజ్ఞ. కొన్ని వచనాల తర్వాత, పవిత్ర జంతువులైతే ఏడేసి అని మరో ఆజ్ఞ. ఒక వచనం జలప్రళయం 40 రోజులంటుంది, ఇంకొకటి నీళ్లు 150 రోజులు ప్రబలాయంటుంది. ఏడో అధ్యాయం 16వ వచనం మరీ ఆసక్తికరం. మొదటి సగంలో ఆజ్ఞాపించినవాడు 'దేవుడు', రెండో సగంలో ఓడ తలుపు మూసినవాడు 'యెహోవా', అదే దేవుడికి బైబిల్లో ఉన్న పేరు. రెండు పాత కథనాలను ఎవరో ఒకదానిలో ఒకటి అల్లారని, అతుకు ఈ వచనం మధ్యలోంచే పోతోందని చాలామంది బైబిల్ పండితుల అభిప్రాయం. ఆ అల్లినవాడి పద్ధతి నాకెంతో గౌరవం కలిగిస్తుంది. లెక్కలు సరిపోవడం కోసం అతను ఒక కథను పారేయలేదు. ఇద్దరి సాక్ష్యమూ ఉంచాడు.

మన తెలుగువాళ్లకు ఇది వింత కాకూడదు. నన్నయ అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో 'శారదరాత్రులు' పద్యం దగ్గర ఆగిపోయాడు. తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. చాలా కాలానికి ఎర్రన వచ్చి మధ్యలో మిగిలినది పూరించాడు, అదీ నన్నయే రాసినట్టు రాజరాజనరేంద్రుడి పేరు మీదనే. ఎక్కడ ఏ చెయ్యి మారిందో బళ్లో చదువుకున్నాం. భారతం మీద గౌరవం దానివల్ల పెరిగిందే తప్ప తరగలేదు.

మరి బైబిల్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు బిగుసుకుపోతాం? సికింద్రాబాద్‌లో ఒక చర్చి యూత్ మీటింగ్‌లో ఓ అమ్మాయి ఈ 40, 150 రోజుల సంగతే అడిగింది. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లు. తేడాలు పట్టడం ఆమెకు అలవాటు. "విశ్వాసం తగ్గితే ఇట్లాంటి డౌట్లే వస్తాయమ్మా" అన్నారు పెద్దాయన. ఆమె మళ్లీ నోరు విప్పలేదు. లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డులో ఆంధ్రా క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీ ఉన్న నగరం ఇది. క్రైస్తవ వేదాంత విద్యలో ఈ అతుకుల పాఠాలు మామూలే. అవి చదువుకున్న పాస్టర్లు కూడా పల్పిట్ ఎక్కాక చాలావరకు వాటి ఊసెత్తరు.

ఆ పెద్దాయన భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం కూడా అన్యాయమే. 1878లో జర్మన్ పండితుడు యూలియస్ వెల్‌హౌజన్ ఇశ్రాయేలు చరిత్ర మీద తన పుస్తకం ప్రచురించాడు. ఆదికాండంతో మొదలై మోషే పేరుతో ఉన్న గ్రంథాలు వేర్వేరు కాలాల నాలుగు చేతుల్లోంచి వచ్చాయన్న వాదాన్ని అది బలంగా నిలబెట్టింది. అదే ఏడాది జూలై 3న, ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు, ఘోరమైన కరువు దాటి వచ్చినవాళ్లు. అక్షరం ముట్టనివ్వని ఊళ్లలో వాళ్ల పిల్లల చేతికొచ్చిన పుస్తకం బైబిల్. అలాంటి కుటుంబాల మునిమనవలు ఇవాళ హైదరాబాద్ చర్చిల్లో ఉన్నారు. ఈ పుస్తకం నాలుగు చేతుల అల్లిక అని ఎవరైనా అంటే, తాతల గౌరవాన్ని చేతిలోంచి లాక్కుంటున్నట్టే వాళ్లకు వినిపిస్తుంది.

ఈ చిక్కును టీవీలో సూటిగా పట్టుకున్నది స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్. 1993లో మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌లో, బడిలో టీచర్ అంతరిక్షంలో దూరపు చోట్లను కలిపే సొరంగంలాంటి వర్మ్‌హోల్ గురించి, అందులోని జీవుల గురించి సైన్స్ పాఠం చెబుతుంది. కథలోని బజోర్ గ్రహం ప్రజలకు ఆ జీవులే దైవాలు. మతగురువు విన్ అభ్యంతరం చెబుతుంది, గొడవ ముదిరి బడిలో బాంబు పేలుతుంది. అంతరిక్ష కేంద్రం కమాండర్ సిస్కో కొడుకు జేక్ ఆ నమ్మకాలన్నీ తెలివితక్కువవని తీసిపారేస్తాడు. సిస్కో కొడుకును ఆపుతాడు. ఏళ్ల తరబడి పరాయి ఆక్రమణ కింద నలిగిన ఆ ప్రజల్ని నిలబెట్టింది ఆ విశ్వాసమేనని గుర్తుచేస్తాడు. అతను టీచర్ పక్షం వదలలేదు, పాఠం ఆపమనీ అనలేదు. ఆ ఎపిసోడ్‌లో నాకు నచ్చనిది విన్ పాత్ర. ఆమెను కుట్రదారుగా చూపించడంతో, మామూలు భక్తుడి నిజమైన బాధకు గొంతు లేకుండా పోయింది.

పోలిక ఇంతకుమించి లాగకూడదు. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి ఎవరూ స్టార్ ట్రెక్ చదవరు. సిరీస్ నచ్చకపోతే మానేయవచ్చు. పెళ్లి, చావు, పేరు, బంధువులు అన్నీ ముడిపడిన విశ్వాసం అలా కాదు.

అయినా నా నమ్మకం ఒకటే. పండితుల పని ఆ మునిమనవలకు ఏమీ తగ్గించదు. ప్రళయకథలోని ఒక పోగు యాజకుల, అంటే యూదుల పూజారుల, నుంచి వచ్చిందని, ఆ యాజక రచన బబులోను చెర కాలంలోనో, ఆ తర్వాతో రూపుదిద్దుకుందని చాలామంది పండితులు అంటారు. అంటే యెరూషలేము కూలి, మందిరం కాలి, పరాయి దేశానికి తరలించబడిన ఓడిపోయినవాళ్ల చేతి రాత అది. కరువు దాటి గుండ్లకమ్మలో దిగినవాళ్లకు అంతకంటే దగ్గరి బంధువులెవరుంటారు? ఈ మాట చర్చిలో చెప్పడానికి భయమెందుకు?

అందుకే వేదాంత కళాశాల తరగతి గదుల్లోని పాఠం నగరంలోని చర్చి హాళ్లకు రావాలి, ఇంగ్లిష్‌లో కాదు, తెలుగులో. ఆదికాండం ఆ రెండు అధ్యాయాలు అచ్చువేసి పంచితే చాలు. యెహోవా అన్న వచనాలకు ఒక రంగు, దేవుడు అన్న వచనాలకు ఇంకో రంగు వేయమని యువతకే అప్పగించవచ్చు. మరుసటి వారం డీప్ స్పేస్ నైన్ ఎపిసోడ్ చూసి, విన్ తరఫున నిజాయతీగా వాదించమని ఒకరికి చెప్పవచ్చు. ప్రశ్నలకు గంటైనా వదలాలి, పాస్టరుగారూ చివరిదాకా కూర్చోవాలి.