పోయిన దూడల లెక్క కూడా చెప్పండి

క్లోనింగ్‌తో, అంటే మేలు జాతి పశువు ఒంట్లోని కణం కేంద్రకాన్ని, సొంత కేంద్రకం తీసేసిన అండంలో పెట్టి, ఆ పశువుకు అచ్చు గుద్దినట్టుండే దూడను పుట్టించామని ప్రకటన వచ్చినప్పుడల్లా మేం అడిగేది ఒకటే: ఆ ఒక్క దూడ కోసం ఎన్ని పిండాలు పోయాయి? 1996లో స్కాట్లాండ్‌లోని రోస్లిన్ సంస్థ డాలీ అనే క్లోన్ గొర్రె కోసం 277 అండాలతో ప్రయత్నించింది. గర్భంలో పెట్టడానికి పనికొచ్చినవి 29. వాటిలో బతికి పుట్టింది డాలీ ఒక్కటే. పద్ధతి అప్పటికంటే మెరుగుపడినా, ఆవుల్లో ఇప్పటికీ ఎక్కువ పిండాలు నెలలు నిండేదాకా నిలవడం లేదు.

తప్పు జన్యువులది కాదు. క్లోనింగ్‌కు తీసుకునే చర్మకణంలో డీఎన్‌ఏ అంతా ఉంటుంది, కాకపోతే ఆ కణానికి అక్కర్లేని జన్యువులకు తాళాలు పడి ఉంటాయి. డీఎన్‌ఏ మీది మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు, అది చుట్టుకునే హిస్టోన్ ప్రొటీన్ల మీది గుర్తులు ఆ పని చేస్తాయి. వీర్యకణం పిండానికి సిద్ధమయ్యే వస్తుంది. చర్మకణ కేంద్రకానికి ఆ వెసులుబాటు లేదు. ఆవు పిండం 8 నుంచి 16 కణాలయ్యేసరికి సొంత జన్యువులతో పని మొదలుపెట్టాలి, అంటే కొద్ది రోజుల్లోనే పాత తాళాలు ఊడిరావాలి. కొన్ని ఊడవు. హెచ్19 లాంటి జన్యువుల్లోనైతే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రెండు ప్రతుల్లో మూసి ఉండాల్సింది కూడా తెరుచుకుంటుంది.

దాని ఫలితం కొట్టంలో కనిపిస్తుంది. మాయ సరిగా ఏర్పడదు. నీరు చేరి ఆవు పొట్ట విపరీతంగా ఉబ్బుతుంది. దూడ మామూలు కంటే బాగా పెద్దదై, ఆవు ఈనలేక, కోసి తీయాల్సి వస్తుంది. బొడ్డుతాడు లావుగా ఉంటుంది, దూడకు ఊపిరి అందదు. చిత్రమేమిటంటే, బతికిన క్లోన్‌కు పుట్టే పిల్లల్లో ఈ లోపాలు సాధారణంగా కనిపించవు. వీర్యం, అండం తయారయ్యేటప్పుడు గుర్తులు మళ్లీ కొత్తగా పడతాయి గనుక.

తాళాలు తీసే మందుల మీద, ఎంజైముల మీద పరిశోధన సాగుతోంది. 2018లో చైనా శాస్త్రవేత్తలు ప్రకటించిన రెండు కోతిపిల్లలు ఆ దారిలోనే పుట్టాయి. అయినా 79 పిండాలను 21 కోతుల్లో పెడితే దక్కినవి ఆ రెండే. ఆ లెక్కను వాళ్లు దాచకపోవడం మెచ్చుకోదగ్గది.

క్లోన్ పశువుల పాలు, మాంసం తినొచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2008లో తేల్చింది. మంచిదే. అది తినేవాళ్ల ప్రశ్నకు జవాబు, మోసే ఆవు సంగతి దాంట్లో తేలదు. అందుకే క్లోన్ దూడను అమ్మకానికి పెట్టే ఎవరైనా పెట్టిన పిండాలెన్ని, జారిన గర్భాలెన్ని, కోతకు గురైన ఆవులెన్ని, వారంలోపు పోయిన దూడలెన్ని అన్నది దూడ ఫొటో పక్కనే రాయాలని చట్టం చెప్పాలి.