విచారణ ఖైదీని ఏ అర్థం వెతుక్కోమంటాం?

ఖైదీలకు మానసిక చికిత్స అవసరాన్ని చక్కగా వివరించిన ఒక వ్యాసం చదివాను. జీవితానికి అర్థం వెతుక్కోవడాన్నే చికిత్సగా మలిచిన ఆస్ట్రియా మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకల్‌ను మాత్రం అది, ఆయన బందీగా ఉన్న నాజీ శిబిరాల దగ్గరే వదిలేసింది. 1942 నుంచి 1945 వరకు ఆయన అనుభవించింది ఏ నేరమూ చేయనివారి నిర్బంధం. జైలు విషయానికి వస్తే కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైలులో ఆయన చేసిన ప్రసంగమే సరైన ఉదాహరణ. అంతకుముందు వచ్చిన నిపుణులు బాల్యాన్నో పరిస్థితులనో కారణంగా చూపి ఊరడించగా, నేరం చేయడానికి స్వేచ్ఛ ఉన్న మనిషికే ఆ అపరాధాన్ని దాటి ఎదగాల్సిన బాధ్యత కూడా ఉంటుందని ఫ్రాంకల్ ఖైదీల ముఖం మీదే చెప్పారు. సభకు రాలేని స్థితిలో, గ్యాస్ చాంబర్‌లో అమలు కావాల్సిన మరణశిక్షకు ఎదురుచూస్తున్న ఆరన్ మిచెల్ అనే ఖైదీ కోసం మైకులో ప్రత్యేకంగా మాట్లాడారు కూడా.

అయితే అపరాధాన్ని ఒప్పుకుని దాన్ని దాటి ఎదగమనే ఈ పద్ధతి మన జైళ్లకు యథాతథంగా సరిపోదని నా అభిప్రాయం. ఇక్కడ ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే. నేరం రుజువు కాని మనిషిని, అదీ వాయిదా మీద వాయిదా పడుతుండగా, పశ్చాత్తాపంలో అర్థం వెతుక్కోమనడం అన్యాయం. అతనికి ముందు లాయరు, ఇంటివాళ్లతో ములాఖత్ కావాలి, ఆ తర్వాతే కౌన్సెలరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలంటోంది. ఆ ఒక్కటీ ఉన్నచోట సరే, మిగతా జైళ్లలో ఉన్నవారి సంగతేమిటో వ్యాసకర్త ప్రస్తావించి ఉండాల్సింది.